110 పెట్టెలు, ఒక అల్పపీడనం: విశాఖలో ఇంటి చాక్లెట్ల కేస్ స్టడీ

సోమవారం తెల్లవారుజామున అయిదున్నరకి ట్రే మీద కప్పిన గుడ్డ తీశాను. రాత్రి పదునుగా కోసి వరసలు పేర్చిన 134 బెల్లం కారమెల్ ముక్కల్లో ఒక్కదానికీ అంచు మిగల్లేదు. మూలలు జారిపోయాయి. పైన నూనె రాసినట్టు తడి మెరుస్తోంది. పక్కపక్క ముక్కలు అతుక్కుని ఒకే పలకైపోయాయి. వేలితో తాకితే తీగ సాగింది. కిటికీ అవతల సన్నగా వాన. బంగాళాఖాతంలో అల్పపీడనమని ముందురోజు సాయంత్రం నుంచీ వార్తల్లో చెప్తూనే ఉన్నారు. ఆదివారం షష్టిపూర్తి. పెట్టెకి ఆరు చొప్పున 110 పెట్టెలు, మొత్తం 660 ముక్కలు వెళ్ళాలి. చేతిలో ఆరు రోజులున్నాయి.

ఎంవీపీ కాలనీలో ఇంటి దగ్గరే ఆరేళ్ళుగా చాక్లెట్లు చేస్తున్నాను. ప్రతి ఆర్డర్‌కీ ఒక నోటుబుక్కు పెడతాను. కింద ఇచ్చిన ఉష్ణోగ్రతలు, బరువులు, టైములు అన్నీ అందులోవే. సముద్రం ఒడ్డున ఉండి ఈ పని చేసేవాళ్ళకి పనికొస్తుందని ఎక్కడా దాచకుండా రాస్తున్నాను. చాక్లెట్ అనగానే అందరూ ఎండ గురించే అడుగుతారు. విశాఖలో నా పనికి ఎండ కన్నా గాలిలో తేమే పెద్ద శత్రువు. ఎండ తెలిసే వస్తుంది, ఏసీ వేసుకుంటాం. తేమ చప్పుడు లేకుండా వస్తుంది, పని అంతా అయిపోయాక కనబడుతుంది.

ఆర్డర్ ఎలా వచ్చింది

ఫోన్ చేసింది షష్టిపూర్తి చేసుకుంటున్న పెద్దాయన కూతురు. బెంగళూరులో ఉంటుంది. "అక్కా, నాన్నగారు పుట్టింది ఏటికొప్పాక పక్క ఊళ్ళో. చిన్నప్పుడు వాళ్ళింట్లో లక్క భరిణెలే బొమ్మలట. చాక్లెట్లు ఆ భరిణెల్లా కనబడాలి, కుదురుతుందా?" అంది. ఆయన స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్ళకి పైగా చేసి రిటైరయ్యారు. కార్తీక మాసం కాబట్టి గుడ్డు, జెలటిన్, మద్యం ఏదీ తగలకూడదు. ఇంకో కోరిక వాళ్ళమ్మగారిది: ఏదో ఒకదాంట్లో అనకాపల్లి బెల్లం ఉండాలి.

పెట్టెలో ఏముండాలో అరగంటలో తేలిపోయింది. అరకు కాఫీ గనాష్ (క్రీమ్, చాక్లెట్ కలిపిన మెత్తటి ముద్ద) నింపిన డార్క్ చాక్లెట్లు రెండు, నువ్వులూ పల్లీల ప్రలైన్ (పంచదారతో కలిపి నూరిన ముద్ద) నింపిన మిల్క్ చాక్లెట్లు రెండు, బెల్లం కారమెల్స్ రెండు. అంటే 440 చాక్లెట్లు, 220 కారమెల్స్. పెట్టె 330 రూపాయలు అనుకున్నాం. 2024 డిసెంబరులో టన్ను కోకో 12 వేల డాలర్లు దాటింది, ఆ ధరల్లో మంచి చాక్లెట్‌తో అంతకన్నా తక్కువకి ఇవ్వడం నాకు సాధ్యం కాలేదు.

మంచి చాక్లెట్ అంటే కూవెర్చర్. కొవ్వు భాగం అంతా కోకో బటరే (కోకో గింజల కొవ్వు; మిల్క్ చాక్లెట్‌లో పాల కొవ్వు కూడా ఉంటుంది), డార్క్‌లో అదీ కనీసం 31 శాతం. ఇంటి చాక్లెట్ల క్లాసుల్లో ఎక్కువగా నేర్పేది కాంపౌండ్‌తో. అందులో కోకో బటర్ బదులు వేరే నూనెల కొవ్వు ఉంటుంది, కరిగించి పోస్తే చాలు, టెంపరింగ్ (మెరుపు, గట్టిదనం కోసం చాక్లెట్‌ని లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చడం) అక్కర్లేదు, మన ఎండని కూడా కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. పిల్లల పుట్టినరోజులకి నేనూ వాడతాను, ఆ సంగతి చెప్పే వాడతాను. కానీ గనాష్ రుచి నాలుక మీదికి రావాలంటే పైన ఉన్న పెంకు నోటి వేడికి ఇట్టే కరగాలి, ఆ గుణం కోకో బటర్‌ది. ఈసారి డార్క్ కూవెర్చర్ మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అంతర పంటగా పండిన కోకోతో చేసినది తెప్పించాను. కాఫీ అరకుది, బెల్లం అనకాపల్లిది, చాక్లెట్ గోదావరిది అయితే పెద్దాయనకి చెప్పుకోవడానికి బాగుంటుందనిపించింది.

భరిణె గీతలు

ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణె (లేత్) మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పడుతుంది. ఆ తరవాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. అందుకే ఆ గీతలు అంత గుండ్రంగా, అంత నున్నగా ఉంటాయి. చాక్లెట్‌లో ఆ పని తిరగేసి చేయాలి. రంగు చాక్లెట్ మీద కాదు, ముందు అచ్చులో వేస్తాం. అచ్చుకి తగిలిన మొదటి రంగే చివరికి పైన కనబడేది. అద్దం వెనకనుంచి బొమ్మ వేసేవాళ్ళు కంటిపాప ముందు వేసి ముఖం తరవాత వేసినట్టు, సన్న గీతలు ముందు, నేల రంగు వెనక.

నా దగ్గర 24 గుంటలుండే పాలీకార్బొనేట్ అచ్చులు నాలుగున్నాయి, అరగోళం ఆకారం. గుంటల్ని దూదితో పొడిగా మెరిసేదాకా తుడవాలి. గుంటలో వేలిముద్ర ఉంటే అది చాక్లెట్ మీద ముద్రలా దిగుతుంది. రంగులు కోకో బటర్‌లో కలిపినవే కావాలి. నీళ్ళలో కలిసే రంగు ఒక చుక్క పడినా కరిగిన చాక్లెట్ ముద్దకట్టి ఇసుకలా అయిపోతుంది, ఎందుకంటే అందులోని పొడి పంచదార రేణువులు ఆ తడికి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఎరుపు కొనేటప్పుడు లేబుల్ చదవాలి. ఇ-120 అని ఉంటే అది పురుగు నుంచి తీసిన రంగు. కార్తీకంలో ఆ ఇంటికి అది పంపలేను, అందుకే వేరే ఎరుపు తెప్పించాను.

ముందు సున్నా నంబరు కుంచెతో గుంట లోపల మూడు పసుపు వలయాలు. ఒక్కో వలయం చేతి ఒక్క విసురులో పూర్తి కావాలి. మధ్యలో ఆగితే అతుకు కనబడుతుంది. రెండు నిమిషాలు గట్టిపడనిచ్చి మధ్యలో ఒక ఆకుపచ్చ పట్టీ. అది ఆరాక గుంట అంతా ఎరుపు. రంగు 30 డిగ్రీల దగ్గర ఉండాలి. 35కి పోనిస్తే కింద ఆరిన పసుపుని కూడా కరిగించి లాక్కుపోతుంది. ఆఖరికి వెనక ఒక తెల్ల పూత. ఇది చాలామంది మానేస్తారు. డార్క్ చాక్లెట్ ముదురు గోధుమ రంగు వెనకుంటే ఎరుపు మట్టిరంగులోకి దిగిపోతుంది, పసుపు అసలు కనబడదు. తెల్ల పూత ఉంటేనే లక్క మెరుపు. ఒక అచ్చుకి 40 నిమిషాలు పట్టింది. 440 ముక్కలకి 19 అచ్చులు. గీతలకే పన్నెండు గంటల నలభై నిమిషాలు. ఆ గంటల్ని నేను ధరలో సరిగ్గా వేసుకోలేదు, ఇకముందు వేసుకుంటాను.

టెంపరింగ్ గురించి రెండు మాటలే. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. మనకి కావలసింది అయిదో రకం. మెరుపు, విరిస్తే టక్కుమనే శబ్దం, అచ్చు నుంచి తనంతట ఊడిరావడం అన్నీ దానివల్లే. అది సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. డార్క్‌ని 45కి కరిగించి, సన్నగా తరిగిన చాక్లెట్ మూడో వంతు వేసి కలుపుతూ 28కి దించి, మళ్ళీ 31.5కి తెస్తాను. మిల్క్ అయితే పని చేసే వేడి 30. కత్తి మొన ముంచి పక్కన పెడితే అయిదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడాలి. గట్టిపడకపోతే అచ్చులో పోయను, ఎంత ఆలస్యమైనా సరే.

బెల్లం కారమెల్, మొదటి తీరు

మూడు వారాల ముందు 20 ముక్కలు నమూనాకి చేసి ఇచ్చాను. అందరికీ నచ్చాయి. ఆ కొలతలనే పెంచాను. ఒక వాయికి పంచదార 300 గ్రాములు, బెల్లం 200, లిక్విడ్ గ్లూకోజ్ 150, 35 శాతం కొవ్వుండే విప్పింగ్ క్రీమ్ 350, వెన్న 60, ఉప్పు 5, వంటసోడా 1 గ్రాము. దిగేది 850 గ్రాముల దాకా, 12 గ్రాముల ముక్కలు 70.

వంటసోడా ఎందుకంటే, బెల్లంలో పులుపుంటుంది. పరమాన్నంలో పొయ్యి ఆపాకే బెల్లం వేయమని ఇంట్లో చెప్పేది ఇందుకే, లేకపోతే పాలు విరుగుతాయి. కారమెల్‌లో క్రీమ్, బెల్లం కలిసి మరగక తప్పదు కాబట్టి చిటికెడు సోడా ఆ పులుపుని తగ్గిస్తుంది. నురగ పొంగుతుంది, గిన్నె మూడింతలు పెద్దది పెట్టుకోవాలి. బెల్లాన్ని కొద్ది నీళ్ళలో కరిగించి అరిసెలకి చేసినట్టే గుడ్డలో వడకట్టాలి, అడుగున ఇసుక తప్పకుండా ఉంటుంది. పూర్ణా మార్కెట్‌లో తెల్లగా, పచ్చగా నిగనిగలాడే దిమ్మలు నేను తీసుకోను. ఆ తెలుపు కోసం చాలాచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. నల్లగా, కాస్త మెత్తగా ఉండేదే రుచి.

పంచదార, గ్లూకోజ్ తేనె రంగు వచ్చేదాకా కరిగించి, వేడి క్రీమ్ కొద్దికొద్దిగా పోసి, బెల్లం పాకం, వెన్న చేర్చి థర్మామీటర్ 119 చూపేదాకా ఉడికించాను. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి చుక్క వేస్తే గట్టి ఉండ వచ్చింది. మన ఉండ పాకం అదే. ఆదివారం సాయంత్రం రెండు వాయిలు దించాను. రాత్రి ఎనిమిదిన్నరకి 140 ముక్కలు కోశాను. మా ఎదురింటి పిల్లలకి ఆరు ముక్కలు రేపర్లలో చుట్టి చిన్న స్టీలు డబ్బాలో పెట్టాను. మిగతా 134 పొద్దున్న చుట్టొచ్చులే అని ట్రేలో పరిచి, తూకం చూసి (1,612 గ్రాములు), పల్చటి గుడ్డ కప్పి, ఏసీ ఆపి పడుకున్నాను. చాక్లెట్‌కే ఏసీ కావాలి, కారమెల్‌కి అక్కర్లేదని నా నమ్మకం అప్పటికి.

పొద్దున్న అదే ట్రే తూచాను. 1,655 గ్రాములు. ఒక్క రాత్రిలో 43 గ్రాములు పెరిగింది. దాదాపు మూడు పెద్ద చెంచాల నీళ్ళు గాలిలోంచి వచ్చి కూర్చున్నాయి.

ఎవరిది తప్పు

తూకం చూశాక కూడా నా మనసు పాకం మీదకే పోయింది. లేతగా దించేశానేమో, థర్మామీటర్ అబద్ధం చెప్పిందేమో, ఆ నల్లబెల్లం మంచిది కాదేమో. మా అత్తగారు కాఫీ గ్లాసుతో వచ్చి ట్రే చూశారు. "పాకం కాదమ్మాయ్, గాలి. వానల్లో పప్పుండలు డబ్బాలో వెంటనే పెట్టకపోతే ఇంతే. బెల్లం దిమ్మే చెమరుస్తుంది, నీ బిళ్ళలు చెమర్చవా?" అన్నారు. నిజమే. జాడీలో బెల్లం వానాకాలం నీరు కారడం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. కారమెల్ అనే కొత్త పేరు పెట్టేసరికి అదీ బెల్లమేనన్న సంగతి తోచలేదు.

అయినా ఆవిడ మాట ఒక్కటే పట్టుకుని నాలుగు వాయిలు మళ్ళీ దించలేను కదా. మూడు పరీక్షలు చేశాను.

మొదట థర్మామీటర్. మరిగే నీళ్ళలో ముంచాను. మనది సముద్ర మట్టం, నీళ్ళు 100 దగ్గర మరగాలి. (అరకులో చేస్తే ఈ పరీక్షకి 97 అటూ ఇటూగా వస్తుంది, ఎత్తు వల్ల.) నాది 98 చూపించింది. అంటే రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. నేను 119 అనుకుని దించింది నిజానికి 121. పాకం లేతగా లేదు సరికదా, అనుకున్నదానికన్నా ముదిరింది. ఆ అనుమానం అక్కడితో పోయింది.

రెండోది ఎదురింటి పిల్లల డబ్బా. అదే వాయి, అదే బెల్లం, అదే రాత్రి. ఆరు ముక్కలూ కోసినవి కోసినట్టే ఉన్నాయి. అంచులు నిలువుగా, రేపరు పొడిగా. నాకు దొరికిన సాక్ష్యాల్లో ఇంతకన్నా గట్టిది లేదు. తేడా అల్లా రేపరు, మూత. మూడు వారాల ముందు నమూనా ఎందుకు బాగా వచ్చిందో కూడా అప్పుడే అర్థమైంది. 20 ముక్కలు ఏసీ గదిలో పది నిమిషాల్లో చుట్టేశాను. 140 ముక్కలు అలా చుట్టలేక వాయిదా వేశాను. కొలతలు పెంచినప్పుడు చేతులు, సమయం కూడా అదే లెక్కలో పెంచాలన్నది వంటకం కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు.

మూడోది బెల్లం వాటా ఎంతో తెలుసుకోవడానికి. పోయిన వారం మిగిలిన మామూలు పంచదార కారమెల్స్ అయిదు, ఈ ఆరింటిలో అయిదు విప్పి రెండు పళ్ళాల్లో వంటింటి గట్టు మీద నాలుగు గంటలు ఉంచాను. తేమ మీటరు 86 శాతం, వేడి 27 డిగ్రీలు. పంచదారవి 60.3 గ్రాముల నుంచి 60.6కి వెళ్ళాయి. బెల్లంవి 60.1 నుంచి 61.0కి. మూడు రెట్లు. బెల్లంలో పంచదారతో పాటు విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి, ఫ్రక్టోజ్‌కి నీటి దాహం చాలా ఎక్కువ. కాబట్టి తప్పు గాలిది, ఆ గాలికి చోటిచ్చింది బెల్లం.

కారమెల్స్‌ని చాక్లెట్‌లో ముంచేస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది, చాక్లెట్ పొర తేమని బాగా ఆపుతుంది. కూతురికి ఫోన్ చేసి అడిగాను. "వద్దక్కా, అమ్మకి బెల్లం రంగు కనబడాలి" అంది. ఆవిడ కోరిక న్యాయమైనదే. వంటకమే మార్చాను. బెల్లం 200 నుంచి 130కి, పంచదార 330కి, గ్లూకోజ్ 190కి. తగ్గిన బెల్లం రుచికి అర చెంచా శొంఠి పొడి. దించే వేడి అదే 121, ఈసారి తెలిసి. ఏసీ గదిలో బల్ల వేసి, డ్రై మోడ్‌లో రెండు గంటలు ముందే నడిపి, మీటరు 50 శాతానికి దిగాకే కోత మొదలుపెట్టాను. 70 ముక్కల పలకని ఒక్కసారే కోయలేదు. ఒక కడ్డీ కోయడం, ఆ పది ముక్కలు చుట్టడం, మూత డబ్బాలో వేయడం, అప్పుడు ఇంకో కడ్డీ. నేను కోత, అత్తగారు చుట్టడం. వాయికి 35 నిమిషాలు. మెలిపెట్టిన రేపరు గాలిని పూర్తిగా ఆపదు, అందుకే గట్టి మూత డబ్బా తప్పనిసరి. చుట్టిన ముక్కలు రెండోరోజు తూచాను. మొదటి తూకమే.

చెడిన 134 ముక్కల్ని క్రీమ్‌తో మళ్ళీ కరిగించి సాస్ చేసి సీసాల్లో పోశాను. ఆ సీసాలు ఫ్రిజ్‌లో నెల రోజులు అందరికీ ఇష్టమైన వస్తువైపోయాయి.

మంగళవారం రాత్రి, ఫ్రిజ్ దగ్గర

కారమెల్ నేర్పిన పాఠం చాక్లెట్‌కి వెంటనే అన్వయించుకోలేదు. ఈ రాతలో నన్ను ఎక్కువ బాధపెట్టే భాగం ఇదే. మంగళవారం రాత్రి ప్రలైన్ నింపి మూసిన రెండు అచ్చుల్ని గట్టిపడటానికి ఫ్రిజ్‌లో 20 నిమిషాలు పెట్టాను. ఇంతలో కరెంటు పోయింది. ఏసీ గది వేడెక్కుతోందన్న కంగారులో అచ్చులు తీసి వంటింట్లోనే బల్ల మీద బోర్లించాను. 48 ముక్కలూ చక్కగా ఊడి పడ్డాయి, లక్క మెరుపుతో. ఎమర్జెన్సీ లైటు వెలుగులో చూస్తుండగానే వాటిమీద మంచు పట్టినట్టు మసక కమ్మింది. పొద్దున్నకి ఆరిపోయింది కానీ ఎరుపు మీద బూడిద చుక్కలు, గరుకు.

చాక్లెట్ తెల్లబడటం రెండు రకాలు. టెంపరింగ్ చెడితే కొవ్వు పైకి తేలి తెల్లబడుతుంది, వేలితో రుద్దితే వేడికి కరిగి పోతుంది. తడి తగిలితే పైనున్న పంచదార కరిగి, ఆరి, పొడిలా మిగులుతుంది. దీన్ని పొడి వేలితో రుద్దితే పోదు, గరుగ్గా తగులుతుంది. తడి వేలు పెడితే మాయమై జిగట మిగులుతుంది. నావి రెండో రకం.

చల్లటి మజ్జిగ గ్లాసుకి చెమట ఎందుకు పడుతుందో ఇదీ అందుకే. 28 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలికి మంచు బిందువు సుమారు 24 డిగ్రీలు. ఆ గాలిలోకి 24 కన్నా చల్లటి వస్తువు ఏది తెచ్చినా దానిమీద నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి వచ్చిన అచ్చు 8 డిగ్రీలు. వేరే దారే లేదు. అదే ఏసీ గదిలో 22 డిగ్రీలు, 50 శాతం ఉంటే మంచు బిందువు 11కి దిగుతుంది. అచ్చు 12 దాటి ఉంటే చెమట పట్టదు. ఈ ఒక్క లెక్క ఆరేళ్ళ కిందట తెలిసుంటే వానాకాలాల్లో ఎన్ని ట్రేలు మిగిలేవో.

బుధవారం నుంచి పద్ధతి మార్చాను. అచ్చుని మూత డబ్బాలో పెట్టి, డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టాను, పన్నెండు నిమిషాలే. బయటికి తీశాక ఏసీ గదిలో అరగంట మూత తియ్యలేదు. చెమట పడితే డబ్బాకి పడుతుంది, తుడిచేయొచ్చు. చాక్లెట్‌కి అంటదు. ఆ తరవాత ఒక్క అచ్చు కూడా చెడలేదు. మంగళవారం 48 ముక్కల బదులు రెండు అచ్చులు గురువారం అర్ధరాత్రి దాకా కూర్చుని మళ్ళీ గీశాను. చెడినవి పారెయ్యలేదు. వాటికి రుచి ఏమీ తగ్గదు, బ్రౌనీల్లోకి వెళ్ళాయి.

కాఫీ గనాష్ చివరికి పెట్టుకున్నాను, అందులో క్రీమ్ ఉంది కాబట్టి నిలవ తక్కువ. 200 గ్రాముల వేడి క్రీమ్‌లో బరకగా ఆడించిన అరకు కాఫీ 20 గ్రాములు పది నిమిషాలు మూతపెట్టి, వడకట్టి, తగ్గిన క్రీమ్ మళ్ళీ పోసి, 30 గ్రాముల గ్లూకోజ్, 300 గ్రాముల డార్క్ చాక్లెట్, 30 గ్రాముల వెన్న. ఇలాంటివి రెండు వాయిలు. నింపేటప్పుడు గనాష్ 28 డిగ్రీలు మించకూడదు, మించితే పెంకు లోపలి నుంచి కరిగి పైన గీతలకి మచ్చ పడుతుంది. రాత్రంతా ఏసీ గదిలో వదిలి శనివారం పొద్దున్న మూశాను.

పెట్టెలు, తాంబూలం

పెట్టె లోపల బటర్ పేపరు, ఆరు అరలు. అడుగున చిన్న కార్డు: దినుసుల పేర్లు, పాలు, పల్లీలు, నువ్వులు ఉన్నాయన్న హెచ్చరిక, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు, చేసిన తేదీ, పది రోజుల్లో తినమన్న మాట, ఫ్రిజ్‌లో పెట్టొద్దన్న మాట. ఆఖరిది పెద్ద అక్షరాల్లో వేయించాను. అరవై దాటిన అతిథులు ఎక్కువ కాబట్టి ఇందులో పంచదార, బెల్లం ఎంత ఉందో కూడా గ్రాముల్లో రాశాను. అది అడిగి చేయించుకున్నది కాదు, నాకే మనసొప్పక.

ఆదివారం ఉదయం సింహాచలం దగ్గర మండపానికి కారు ఏసీలో రెండు థర్మోకోల్ పెట్టెల్లో తీసుకెళ్ళాను. జెల్ ప్యాకులు పెట్టలేదు. చల్లగా తీసుకెళ్తే తెరవగానే మళ్ళీ అదే చెమట. గది వేడితో బయల్దేరి గది వేడితో చేరడమే ఈ ఊరికి తగిన దారి. మండపంలో 31 డిగ్రీలు. చాక్లెట్ మెత్తబడింది కానీ ఆకారం పోలేదు.

అక్కడ ఎదురుచూడనిది ఒకటి తగిలింది. తాంబూలం సంచుల్లో తమలపాకులు అప్పుడే కడిగి వేస్తున్నారు, నీళ్ళు కారుతూ. వాటి పక్కనే నా అట్టపెట్టె. మొదటి పది సంచుల్లో పెట్టెల మూలలు అప్పటికే ఉబ్బాయి. వాళ్ళమ్మగారికి చెప్తే వెంటనే ఆకుల్ని గుడ్డతో తుడిపించి, వక్కతో కలిపి చిన్న కవర్లలో వేయించారు. పెట్టె రవికె గుడ్డ మీద, విడిగా. ఇప్పుడు తాంబూలంతో ఇచ్చే ఏ ఆర్డర్ అయినా ఈ మాట ముందే అడుగుతున్నాను.

పెద్దాయన ఒక చాక్లెట్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకేసి తిప్పి తిప్పి చూశారు. "ఇది తినేదేనా అమ్మా?" అని అడిగారు. తినకుండా జేబులో పెట్టుకున్నారు. జేబులో కరుగుతుందని చెప్పడానికి నోరు రాలేదు.

నేను మూడు పెట్టెలు నా దగ్గర ఉంచుకున్నాను, పరిశీలనకి. ఒకటి ఏసీ గదిలో, ఒకటి వంటింటి అల్మారాలో, ఒకటి ఫ్రిజ్‌లో, అంటే కార్డు మీద వద్దన్న చోటే. 21 రోజులకి తెరిచాను. ఏసీ గది పెట్టె దించిన రోజు ఉన్నట్టే ఉంది. వంటింటి పెట్టెలో కారమెల్ ముక్కకి 0.1 గ్రాము పెరిగింది, అంచులు నిలిచే ఉన్నాయి. డార్క్ చాక్లెట్లలో ఒకదాని మీద కొవ్వు తెలుపు లేతగా మొదలైంది, వేలితో రుద్దితే పోయింది. ఫ్రిజ్‌లోది బల్ల మీద పెట్టి మూత తీసిన నాలుగో నిమిషానికి పసుపు గీతల మీద చుక్కలు చుక్కలుగా నీళ్ళు నిలిచాయి.